ముత్తెన్న పిట్ట, మా అమ్మ కోడి

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఆ పిట్ట లేదని చెప్పింది నేనే. కాశీరాం కిరాణా కొట్టు ముందు, పదిహేను మంది వింటుండగా, చేతిలో ఇంగ్లీషు పుస్తకం పట్టుకొని మరీ చెప్పాను. ఆ పుస్తకంలో ఒక వాక్యం మొదలుపెడితే, చివరికి చేరేసరికి నాకు మొదలు మరిచిపోయేది. అయినా చెప్పాను. చెప్పి ఊరుకున్నా బాగుండేది, మా అమ్మ కోడిని కూడా ఇందులోకి లాగాను. ఆ రెండు పనుల వల్ల మా బాన్సువాడ నీరటి ముత్తెన్న చేతిలోంచి పార జారిపోయేదాకా వచ్చింది.

నీరటి అంటే కాలువ నీళ్లు ఎవరి మడికి ఎంతసేపు పారాలో చూసే మనిషి. సాగర్ కాలువ వచ్చాక మా వైపు జొన్న చేలు వరి మడులయ్యాయి. ముత్తెన్న చూసే పిల్ల కాలువ కింద ముప్పై మందికి పైగా రైతులుండేవాళ్లు. అందరికీ నీళ్లు కావాలి, అందరికీ ముందే కావాలి. వంతు పూర్తయిన మడి గండిలో ముత్తెన్న తన పార దిగేసేవాడు. పార దిగిందంటే వంతు అయిపోయిందన్నమాట. చీటీ లేదు, సంతకం లేదు. ఇరవై ఎకరాల వాడైనా, రెండెకరాల వాడైనా ఆ పారను చూసి, నోట్లో ఏదో గొణుక్కుని, పక్కకు తప్పుకొనేవాడు.

మరి వంతు అయిపోయిందని ఆయనకెలా తెలుసు? ఎండ ఉన్న రోజు తన నీడను తన పాదాలతో కొలిచేవాడు. మడమకు వేలు తగిలించుకుంటూ ఒకటి, రెండు, మూడు అని నడిచేవాడు. ఆయన పాదమే మా ఊరికి గడియారం. ఒకసారి ఆ పాదానికి తుమ్మముల్లు దిగి బూరెలా వాచింది. ఆ వారం వంతులు పొడుగయ్యాయా, పొట్టివయ్యాయా అని కాశీరాం కొట్టు ముందు రెండు రోజులు వాదించుకున్నారు. చివరికి అందరూ కలిసి ఆయన కాలికి పసరు కట్టించారు.

మబ్బు పట్టిన రోజు నీడ ఉండదు కదా. అప్పుడు పిట్టలు. పసులపోలిగాడు కూస్తే ఇంకా తెల్లారలేదని, కౌజులు ఒకదానికొకటి బదులిస్తే పొద్దు పొడిచిందని, జెముడుకాకి గొంతు బుంగలోంచి వచ్చినట్టు ఊప్ ఊప్ అంటే పొద్దు నడినెత్తికి వస్తోందని ఆయన లెక్క. నేను వినగా ఆ లెక్క ఎన్నడూ తప్పలేదు. ఆయన భార్య పూలమ్మ మాత్రం, "ఇంట్ల ఉప్పు అయిపోయి మూడు దినాలయినా ఎరుకుండది గీ మనిషికి. కాలువ మీద ఈక రాలితె ఎరుకయితది" అని తిట్టేది.

ముత్తెన్న పొడుగ్గా, ఎండిన కందికట్టెలా ఉండేవాడు. వానకీ ఎండకీ నెత్తిన ఒకటే గొంగడి. భుజాన పార. ఆ నడక చూస్తే ఎక్కడికీ తొందర లేనట్టు ఉండేది, వెంట నడిస్తే మాత్రం మనకు ఆయాసం వచ్చేది. ఆయన నాకు ఊరి వరుసలో మామ.

ఇక నా సంగతి. పేరు దేవిదాస్. అప్పుడు పంతొమ్మిదేళ్లు. మా అమ్మ అంజమ్మ బీడీలు చుట్టేది. నేను బడికి వెళ్లినట్టు బడికి కూడా గుర్తుండదు. తెలుగు అక్షరాలు బీడీ కట్టల చీటీల మీద, ఇంగ్లీషు అక్షరాలు బస్సు మీద నేర్చుకున్నాను. నేర్చుకున్న దానికంటే రెండింతలు వచ్చినట్టు నటించడం ఎవరూ నేర్పలేదు, అదే వచ్చింది. కాలువ బంగళాలో ఉండి వెళ్లిన ఒక ఇంజనీరు దొర వదిలేసిన పిట్టల పుస్తకాన్ని అక్కడి కావలివాడు చిత్తుకాగితం కింద కాశీరాంకు అమ్మేశాడు. రంగు బొమ్మల పుస్తకం, కాగితం మంచి మందం. కాశీరాం అప్పటికే కొన్ని పేజీలు చించి బెల్లం కట్టిచ్చాడు. రెండు వారాలు వాళ్ల కొట్టు ఊడ్చి మిగిలిన పుస్తకం నేను దక్కించుకున్నాను. ఆ రోజు నుంచి ఊళ్లో పిట్టల పండితుణ్ని నేనే. మధ్యలో పేజీలు లేవన్న ముక్క మాత్రం ఎవరికీ చెప్పలేదు. పండితుడి పుస్తకానికి చిల్లులున్నాయంటే పండితుడి మర్యాద ఏం కావాలి?

ఫసలీ 1351, అంటే ఇంగ్లీషు లెక్కలో 1942 వానాకాలం, శ్రావణమాసం. ఒక పొద్దున ముత్తెన్న కాశీరాం కొట్టు ముందు ఆగాడు. ఆయన అలా ఆగడమే వింత. ఇంకా వింత, నవ్వుతున్నాడు.

"కాశీరాం, నేల నెమలి వచ్చిందిరా," అన్నాడు. "నస్రుల్లాబాద్ తొవ్వల కంచె మీద. ఇరవై ఏండ్లాయె దాన్ని చూసి. జొన్న చేన్లున్నప్పుడు మా నాయిన చూపెట్టిండు."

కంచె అంటే కాలువ నీళ్లెక్కని మెరక మీద పశువుల మేతకు వదిలేసిన గడ్డి బీడు.

"నెమలి అయితె రోజు చూస్తనే ఉన్నం గదా," అన్నాడు కాశీరాం, పొట్లం కడుతూ.

"గది గాదు. కోడంత ఉంటది. ఒళ్లంత నలుపు, రెక్కల మీద తెలుపు. చెవుల ఎనుక సన్నటి రిబ్బన్ల లెక్క ఈకలు. గడ్డిలకెల్లి నిట్టనిలువు ఎగురుతది. మంగలంలకెల్లి పేలాలు ఎగురుతయి సూడు, గట్ల. మల్ల రాయి లెక్క కింద పడ్తది. మల్ల ఎగురుతది."

అందరూ నా వైపు చూశారు. నేను పుస్తకం తెరిచి, వేలు తడి చేసుకుని, పేజీలు తిప్పాను. నలుపు ఉంది, రిబ్బన్లు లేవు. రిబ్బన్లున్నది ఉంది, అది వేరే దేశం పిట్ట. నూట పన్నెండో పేజీ తర్వాత నూట పంతొమ్మిది వచ్చింది. నేను గొంతు సవరించుకున్నాను.

"లేదు మామా. గీ పుస్తకంల దునియాల ఉన్న పిట్టలన్ని ఉన్నయి. నువ్వు చెప్పింది లేదు."

"సక్కగ సూడు అల్లుడా."

"సక్కగనే సూసిన. నువ్వు సూసింది తేలు కుట్టిన కోడి అయ్యుంటది."

నవ్వులు పేలాయి. అక్కడే కూర్చున్న హన్మండ్లు అందరికంటే గట్టిగా నవ్వాడు. కాలువ మొదట్లో ఇరవై ఎకరాల రైతు ఆయన. ముత్తెన్నకు బావ వరుస. ముత్తెన్న ముఖంలో నవ్వు మాత్రం పోయింది. "రేపు పొద్దుగాల రాన్రి. సూపిస్త," అని పార భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

అక్కడితో ఆగినా నేను మనిషినే అనిపించుకునేవాణ్ని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అంత మంచి ఆలోచన వచ్చింది. మా అమ్మకు ఒక నల్లకోడి ఉండేది. అమ్మ తునికాకు కత్తిరించే రేకు పెట్టి ఒక ఆకులోంచి రెండు సన్నటి పట్టీలు కత్తిరించాను. బీడీకి కట్టే ఎర్రదారంతో వాటిని కోడి తల వెనక కట్టాను. రెక్కలకు కాస్త సున్నం రాశాను. చూస్తే నాకే భక్తి కలిగింది.

తెల్లారకముందే వెళ్లి కంచెలో గడ్డి మధ్య పడుకున్నాను. ముత్తెన్న ముందు, వెనక పది మంది వచ్చి నిలబడ్డారు. ఆయన చేయెత్తి అందరినీ ఆగమన్నాడు. నేను కోడిని రెండు చేతులతో పైకి విసిరాను. అది గాల్లో రెక్కలు కొట్టుకుని కింద పడింది. పట్టుకుని మళ్లీ విసిరాను.

"అగో! ఎగిరింది!" అని ఎవరో అరిచారు.

మూడోసారి కోడికి నా మీద నమ్మకం పోయింది. చేతిలోంచి జారి, కొక్కొక్కో అంటూ నేరుగా జనంలోకి పరుగెత్తింది. ఒక రిబ్బను ఊడి ముక్కు మీద వేలాడుతోంది. నేను గడ్డిలోంచి లేచి వంగి దండం పెట్టాను. నవ్వీ నవ్వీ కొందరు గట్టు మీద కూలబడ్డారు.

"బావా, నీ నేల నెమలి దినాం గుడ్డు పెడ్తదా?" అన్నాడు హన్మండ్లు, కళ్లు తుడుచుకుంటూ.

ముత్తెన్న నవ్వేవాళ్లను దాటుకుని వచ్చాడు. కోడి దగ్గర మెల్లగా గొంతుకూర్చుని, దాన్ని పట్టుకుని, తల చుట్టూ ఉన్న దారం ఓపిగ్గా విప్పాడు. నా చేతిలో పెట్టాడు.

"మీ అవ్వకియ్యి. మస్తు భయపడ్డది. నాలుగు దినాలు గుడ్డు పెట్టది."

సరిగ్గా నాలుగు రోజులు పెట్టలేదు. మా అమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

ఆ నవ్వు అక్కడితో పోతుందనుకున్నాను. మూడో రోజు మబ్బు కమ్మింది. హన్మండ్లు మడికి నీళ్లు పారుతున్నాయి. జెముడుకాకి కూసింది. ముత్తెన్న గండిలో పార దిగేశాడు. హన్మండ్లు లాల్చీ జేబులోంచి కొత్త గడియారం తీశాడు. గొలుసు ఉన్నది, నిజామాబాద్‌లో కొన్నది.

"ఇంక ఇరవై నిమిషాలున్నది బావా."

"జెముడుకాకి కూసింది బావా. ఇనవడలేదా?"

"జెముడుకాకో, అంజమ్మ కోడో, ఎవలికెరుక?" అని, హన్మండ్లు ఆ పారను పీకి గట్టు మీద పెట్టాడు.

ముత్తెన్న పార పీకడం మా ఊళ్లో అదే మొదటిసారి. చూసినవాళ్లలో ఒక్కరూ దాన్ని తీసి మళ్లీ గండిలో దిగేయలేదు. మరుసటి రోజు ఇంకొకరు పావుగంట ఎక్కువ పెట్టుకున్నారు. ఆ పక్కవాడు అరగంట. వాళ్ల దగ్గర గడియారం కూడా లేదు. ముత్తెన్న పిట్ట పేరు ఎత్తితే చాలు, "కొక్కొక్కో" అని వినిపించేది. నీళ్లు పైన ఆగిపోతే కాలువ చివరి వాళ్లకు ఏం మిగులుతాయి? బురద.

కాలువ చివర రెండెకరాలు గంగామణిది. భర్త పోయాక నాటు, కలుపు, కోత ఆమే చూసుకునేది. మా అమ్మతో కలిసి బీడీలు చుట్టేది. ఒక మధ్యాహ్నం నేను వాళ్లింటి ముందునుంచి పోతుంటే గుమ్మంలోంచి పిలిచింది.

"దేవిదాస్, ఇట్ల రా. నీ కోడి చేసిన పని సూసిపో."

"అక్కా, కోడి ఇంటికాన్నే ఉన్నది..."

"నోరు ముయ్యి. నా మడి ఎండి పర్రెలు వారింది, పోయి సూడు. ఎనిమిదేండ్లల్ల ముత్తెన్న నాకు ఒక్క గడియ తక్కువ పారియ్యలే. ఇప్పుడు ఆయన మాట ఇనేటోడు లేడు. నీకు నవ్వులాట, నాకు గంజి."

 తల దించుకుందామంటే సిగ్గు, ఎత్తుదామంటే గంగామణి కళ్లు. మధ్యస్తంగా ఆమె ఇంటి తలుపు వైపు చూశాను. తలుపు మీద గంజితో అంటించిన ఒక రంగు బొమ్మ ఉంది. నల్లటి పిట్ట. రెక్కల మీద తెలుపు. చెవుల వెనక రిబ్బన్లు. గడ్డి మీద నిట్టనిలువునా గాల్లో ఉంది.

"అక్కా! గిదేడిది?"

"కాశీరాం బెల్లం కట్టిచ్చిండు. బొమ్మ మంచిగున్నదని అంటిచ్చిన."

పేజీ మూలన అంకె చూశాను. నూట పదిహేను. కింద ఉన్న పేరు అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. ఫ్లోరికన్. నాకు ఆ క్షణంలో తేలు కుట్టిన కోడి సంగతి పూర్తిగా అర్థమైంది. కుట్టింది కోడిని కాదు.

"అక్కా, గీ బొమ్మ నాకియ్యి."

"ఊడదీస్తె చినుగుతది. చెయ్యి పెట్టినవంటె చేతులు ఇరగ్గొడ్త."

పరుగెత్తుకుంటూ హన్మండ్లు దగ్గరికి వెళ్లాను. పిట్ట నిజమేనని, బొమ్మ గంగామణి తలుపు మీద ఉందని, పుస్తకంలో పేజీలు లేవని, నేను అబద్ధమాడానని, అన్నీ ఒకే ఊపిరిలో చెప్పాను. నా జీవితంలో అన్ని నిజాలు ఒకేసారి చెప్పడం అదే మొదలు.

హన్మండ్లు నింపాదిగా విన్నాడు. "తలుపు మీద ఏనుగు బొమ్మ ఉంటె మన కంచెల ఏనుగున్నట్టేనా? పోరగా, ఇది ఇంకొక్క కోడి గదా?"

అంతే. నేను నిజం చెప్తే నమ్మేవాళ్లు ఊళ్లో ఎవరూ లేరని అప్పుడు తెలిసింది. తప్పు వాళ్లది కాదు. ఎంతో కష్టపడి సంపాదించుకున్న పేరు నాది.

ఆ సాయంత్రం కాలువ గట్టు మీద నలుగురు రైతుల ముందు హన్మండ్లు మాట తేల్చేశాడు.

"బావా, శుక్రవారం పొద్దుగాల అందరం కంచె మీదికి వస్తం. నీ పిట్ట ఎగిరిందా, నా గడియారం జేబుల పెట్టుకుంట, నువ్వు పార ఎప్పుడు దిగేస్తె అప్పుడే నా వంతు అయిపోయినట్టు. ఎగరలేదా, ఇగ వంతులు గడియారం సూస్తది. నువ్వు పార ఇచ్చేసి ఇంటికాడ కూసో."

"ఎగురుడు దాని పని," అన్నాడు ముత్తెన్న. "సూపిచ్చుడు నా పని. రాన్రి."

పార లేని ముత్తెన్నను ఊహించడానికి ప్రయత్నించాను. రాలేదు. పర్రెలు వారిన గంగామణి మడి మాత్రం కళ్లకు కట్టినట్టు కనిపించింది.

మర్నాడు తెల్లారి ఆయన కోసం గట్టు మీద కాచుకున్నాను. "మామా, తప్పయింది," అన్నాను. ఆయన నడక ఆపలేదు. వెంట నడిచాను. కొంత దూరం పోయాక, "జర దూరం నడువు. నీ వాసనకు కోళ్లే వస్తయి," అన్నాడు. అది క్షమించినట్టో కాదో తెలియక, పది అడుగులు వెనకే నడిచాను.

ఆ పది అడుగుల దూరంలోనే నాకు చాలా సంగతులు కనిపించాయి. ఆయన పిట్టల వైపు తిరిగి చూసేవాడు కాదు. వినేవాడు. ఒకచోట ఆగి, "గా చెరుకు తోటల పాము ఉన్నది," అన్నాడు.

"కనవడ్తుందా మామా?"

"గోరింకలు తిడ్తున్నయి సూడు. మనిషిని ఒక తీరు తిడ్తయి, పామును ఒక తీరు. నువ్వయితె రెండు తీర్ల తిట్టిచ్చుకుంటవ్."

"మామా, నీ నేల నెమలి బొమ్మ దొరికింది. ఇంగ్లీషుల దాని పేరు ఫ్లోరికన్."

"మన కంచెల తిరిగేదానికి ఆ పేరు ఎవలు పెట్టిన్రు? దాన్ని అడిగిన్రా?"

కంచె దగ్గరికి చేరేసరికి వాన మొదలైంది. గొంగడి కింద ఇద్దరం కూర్చున్నాం. చాలాసేపు చూశాం. గడ్డి ఊగింది, నీళ్లు కారాయి, పిట్ట లేదు. బుధవారమూ అంతే. గురువారమూ అంతే.

"పోయిందంటవా మామా?"

"వానల ఎందుకెగురుతది? అది నీ లెక్క పనిలేనిదా?"

ఆయన మాట ధీమాగానే ఉంది. కానీ లేస్తున్నప్పుడు పార కర్రను రెండుసార్లు చేత్తో నిమిరాడు.  పిట్ట రాకపోతే? వచ్చినా ఎగరకపోతే? శుక్రవారం ఏదో ఒకటి ఎగరాలి. ఏది ఎగిరినా సరే.

మీరు ఊహించింది నిజమే. నాకు తెలిసిన విద్య అదొక్కటే. ఈసారి ఇంకా శ్రద్ధగా చేశాను. గంగామణి తలుపు ముందు నిలబడి బొమ్మ చూసుకుంటూ పట్టీలు సరైన వంపులో కత్తిరించాను. సున్నం సరైన చోట రాశాను. కోడి నోరు తెరవకుండా ముక్కుకు బీడీదారం రెండు చుట్లు చుట్టాను. ఇది ఎగతాళికి కాదు, మామను కాపాడటానికి అని దానికి చెప్పాను. అది నన్ను చూసిన చూపు మా అమ్మ చూపులాగే ఉంది.

శుక్రవారం వాన వెలిసింది. నల్లమబ్బు మాత్రం అలాగే ఉంది. చీకటితోనే వెళ్లి, జనం నిలబడే చోటికి దూరంగా, గడ్డి బాగా ఎత్తుగా ఉన్న చోట పడుకున్నాను. కాసేపటికి అందరూ వచ్చారు. హన్మండ్లు, నలుగురు రైతులు, కాశీరాం, గంగామణి, ఇంకో పాతికమంది. ముత్తెన్న అందరికంటే ముందు నిలబడ్డాడు. పార భుజం మీద లేదు, పక్కన నేలలో గుచ్చి ఉంది.

 నా తల మీద ఒక తీతువ పిట్ట తిరుగుతూ గొంతు చించుకుని అరుస్తోంది. పోతుందేమోనని చూశాను. పోలేదు. ఇంకోటి వచ్చి కలిసింది. గడ్డిపోచ నా ముక్కులో దూరింది. తుమ్ము వచ్చేలా ఉంది. కోడి గుండె నా అరచేతిలో టకటక కొట్టుకుంటోంది.

"ఏడు పదాయె," అన్నాడు హన్మండ్లు.

ఇంకాసేపయింది.

"ఏడున్నర. బావా, పార ఇచ్చేయి ఇగ."

ఇదే సమయం. కోడిని రెండు చేతుల్లోకి తీసుకున్నాను. మోకాళ్లు వంచాను. సరిగ్గా అప్పుడు ముత్తెన్న గొంతు వినిపించింది, కేక వేయకుండా, రచ్చ మీద కూర్చున్నవాణ్ని పలకరించినట్టు.

"అల్లుడా, ఇగ లెవ్వు. కోడిని కింద పెట్టకు, సంకల పెట్టుకొని రా."

నేను కదల్లేదు. ఊపిరి కూడా పీల్చలేదు.

"ఎవలితోని మాట్లాడుతున్నవ్ బావా?" అన్నాడు హన్మండ్లు.

"గా ఎత్తు గడ్డిల దేవిదాస్ పండుకున్నడు. మనం రాకముందుకెల్లి తీతువలు ఆడనే మొత్తుకుంటున్నయి. పాము అయితె కింద దుంకి తిడ్తయి, గవి పైకెల్లి తిడ్తున్నయంటె మనిషి. గా కంచెల గింత పొద్దుగాల పండుకునే మనిషి మన ఊర్ల ఒక్కడే. వాడు కోడి లేక ఎందుకు పండుకుంటడు?" కాస్త ఆగి అన్నాడు, "పిట్ట ఎగిరే జాగల నువ్వు పండుకుంటె అది ఏడ ఎగరాలెరా? నీ ఈపు మీదనా?"

లేచాను. చంకలో కోడి, దాని చెవుల వెనక రిబ్బన్లు. ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. హన్మండ్లు నోరు కొద్దిగా తెరుచుకుంది. ఆయన నన్ను చూడటం లేదు. తీతువ పిట్టలను, ముత్తెన్నను మార్చి మార్చి చూస్తున్నాడు. నూటయాభై అడుగుల దూరంలో, గడ్డిలో, చీకటితో వచ్చి దాక్కున్న వాణ్ని, చంకలో కోడితో సహా చూడకుండానే చెప్పిన మనిషిని మళ్లీ కొత్తగా చూస్తున్నట్టు ఉంది.

నేను జనంలోకి వచ్చి గంగామణి పక్కన నిలబడ్డాను. ఆమె నా చెవి పట్టుకుని ఆ తర్వాత వదల్లేదు. తీతువలు అరుపు మాని ఎటో వెళ్లిపోయాయి. కంచె మీద చప్పుడు లేదు. మబ్బులో ఒక చోట కాస్త వెలుగు పడింది.

నేను పడుకున్న చోటికి నాలుగడుగుల అవతల, గడ్డిలోంచి నల్లటిదేదో పైకి లేచింది.

కోడి ఎగిరినట్టు కాదు. ఎవరో కిందనుంచి తన్నినట్టు నిట్టనిలువునా లేచింది. రెక్కలు టపటపమన్నాయి, తెలుపు మెరిసింది, చెవుల వెనక రెండు మూడు సన్నటి ఈకలు వంపు తిరిగి ఊగాయి, కప్ప కూసినట్టు ఒక బెకబెక. మరుక్షణం రెక్కలు ముడిచి గడ్డిలో పడిపోయింది.  మళ్లీ లేచింది. మళ్లీ పడింది. మళ్లీ.

"ఓయమ్మో," అంది గంగామణి. "నా తలుపు మీదిది!"

కాశీరాం ఏమనుకున్నాడో రెండు చేతులూ జోడించాడు. తన కొట్టులో బెల్లం కట్టిచ్చిన కాగితం మీది దేవుణ్ని కళ్లారా చూసినట్టుంది అతనికి. నేను లెక్కపెట్టాను. తొమ్మిదిసార్లు ఎగిరింది. ముత్తెన్న లెక్కపెట్టలేదు. తండ్రి పక్కన నిలబడిన పిల్లవాడిలా, నోరు కాస్త తెరిచి చూస్తున్నాడంతే. గొంగడి జారి భుజాల మీద పడింది కూడా ఆయనకు తెలియలేదు.

తొమ్మిదోసారి తర్వాత అది గడ్డిలో ఎటో నడిచిపోయింది. హన్మండ్లు గడియారం జేబులో వేసుకున్నాడు. నేలలోంచి పార పీకాడు. మట్టి దులిపి, ముత్తెన్న చేతిలో పెట్టాడు.

"ఇయ్యాల నా వంతు ఎప్పటిదాంక బావా?"

"నీ వంతు నిన్ననే అయిపోయింది," అన్నాడు ముత్తెన్న. "ఇయ్యాల గంగామణిది. నువ్వు ఎక్కువ పారిచ్చుకున్నది కూడ ఆమెకే."

హన్మండ్లు నోట్లో ఏదో గొణుక్కుని పక్కకు తప్పుకున్నాడు. ఆ మధ్యాహ్నం గంగామణి మడిలో పర్రెలు మూసుకున్నాయి. మా అమ్మ చేతిలో నాకు జరగాల్సిన పూజ ఆ సాయంత్రం జరిగింది. ఈసారి కోడి ఎనిమిది రోజులు గుడ్డు పెట్టలేదు.

హన్మండ్లు గడియారం మానుకున్నాడనుకునేరు. ఇప్పటికీ వేలాడదీసుకునే తిరుగుతాడు. కాకపోతే అది వానాకాలంలో చెమ్మకు వెనకపడుతుంది. అందుకని మబ్బు రోజుల్లో పొద్దున్నే గట్టు మీదికి వచ్చి, "బావా, కౌజు కూసిందా?" అని అడిగి ముల్లు సరిచేసుకుంటాడు.

నేల నెమలి ఆ తర్వాత రెండు వానాకాలాలు వచ్చింది. ఆ రెండేళ్లూ పిల్లలను కంచె వైపు రానివ్వకుండా ముత్తెన్న కాపలా కాశాడు. నన్ను మాత్రం రానిచ్చేవాడు, కోడి లేకపోతేనే. వచ్చిన ప్రతిసారీ రెండు చంకలూ ఎత్తి చూపించాల్సి వచ్చేది. కిందటేడు కంచెలో సగం దున్నారు. పిట్ట కనబడలేదు. జుక్కల్ వైపు ఇంకా బీడు ఉంది, అటు పోయిందేమోనంటాడు ముత్తెన్న. కానీ శ్రావణం రాగానే మేమిద్దరం ఒకసారి మా కంచె వైపు నడిచి వస్తాం, ఎందుకైనా మంచిదని.

ఈమధ్య అలా నడుస్తున్నప్పుడే ఆయనకు చెప్పాను. "మామా, నీ కథ రాస్తున్న. నువ్వు, నీ పార, నీ పిట్ట, అన్ని. నూరేండ్లు నిలవాలెనని నిజామాబాద్‌కెల్లి మంచి మందం కాయితం తెచ్చిన. సూడు."

ఆయన ఆగాడు. పార గట్టు మీద దిగేసి, కాగితాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, బట్టల దుకాణంలో పంచె బేరమాడేవాడిలా నలిపి చూశాడు. తిరిగి నా చేతిలో పెట్టాడు.

"పల్చటి దాని మీద రాయి బిడ్డ. గింత మందం ఉంటె, కాశీరాం బెల్లం కడ్తడు."